విమోచన మూడేళ్ళకి

చాట్రాయి,
నవంబరు 18.

మా ఆడపడుచు లేయాకి మీ సుసన్నా వదిన వందనాలు.

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగున్నాం. మీ అన్నయ్యకి మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏంటి అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనిస్తావా? నేను ఒకటంటే నువ్వు నాలుగంటావు. చివరికి "సరేలే వదినా, మీటింగుంది" అని పెట్టేస్తావు. కాగితం మీదయితే చచ్చినట్టు ఆఖరిదాకా చదవాలి. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి. నేనూ మధ్యలో అడ్డు రాకుండా చదువుతాను.

ఆదివారం పేపర్లో, ఫండులమ్మేవాళ్ళకి రూల్సు పెట్టే మీ ఆఫీసు సంగతి పడింది. గుడి నుంచి వస్తూ నూజివీడు బస్సులో చదివాను. రిస్కు ఎక్కువున్న ఫండుల్లోకి మామూలు మనుషులు రాకుండా చూడాలట. ఇప్పుడు కనీసం పది లక్షలుంటే గాని చేర్చుకోరు కదా, దాన్ని పాతిక లక్షలు చేస్తారట. చదివి నాకు ఒళ్ళు మండింది. డబ్బున్నవాడికే తెలివి ఉంటుందని మీ ముంబయిలో ఎవరు చెప్పారే?

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది నుంచి మామిడి తోట పూత మీదే అమ్ముతున్నాను. కాయ కాదు, పిందె కూడా కాదు, పూత. అది నిలుస్తుందో, మంచుకి మాడిపోతుందో, ఏప్రిల్ గాలివానకి రాలిపోతుందో దేవుడికే ఎరుక. నూజివీడు నుంచి షావుకారు గోపాలకృష్ణగారు వస్తారు. ఇద్దరం వరస వరసా తిరిగి, కొమ్మ కొమ్మా చూసి, ఒక ధర అనుకుంటాం. ఒక ఏడు ఆయన మునుగుతాడు, ఒక ఏడు నేను. ఆ నాలుగెకరాల రసాల మీదే నీ చదువూ అయింది, నా పిల్ల నర్సింగూ అయింది. ఏ తాసిల్దారూ గట్టు మీదకొచ్చి "అమ్మా, పాతికెకరాలుంటే గాని మీరు పూత బేరం ఆడకూడదు" అనలేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఈ రూలొస్తే నువ్వు దేశానికంతటికీ పూర్తి మొగుడివవుతావు.

ఊరికే అడుగుతున్నాను, ఆ ఫండుల్లో ఇప్పటికే ఉన్నవాళ్ళని ఏం చేస్తారు? ఉండనిస్తారా, పొమ్మంటారా?

మీ వదిన,
సుసన్నా


ముంబయి,
డిసెంబరు 4.

వదినకి లేయా వందనాలు.

తొమ్మిదేళ్ళప్పుడు నా తల చిక్కు తీస్తూ ఎలా అరిచేదానివో ఉత్తరంలోనూ అలాగే అరిచావు. చదువుతుంటే నిజంగానే మాడు మంటెత్తింది. అడ్డు రాకుండా ఆఖరిదాకా చదివాను. ఇప్పుడు నా వంతు.

ఆ పాతిక లక్షల ప్రతిపాదన మీద నోటు రాస్తున్నది నేనే. పేపర్లో నా పేరు వేయరు కాబట్టి నీకు తెలియలేదు. ఇంతవరకు నీకు చెప్పనిది కూడా నువ్విలా అరుస్తావనే. అరిచావు కాబట్టి చెబుతున్నాను. దాంట్లో నాకు ఇసుమంత అనుమానం లేదు.

రోజూ నా బల్ల మీదకి ఫిర్యాదులొస్తాయి. రిటైరైన లైన్‌మన్ ఒకాయన, చేతికొచ్చిన డబ్బంతా ఒకే ఫండులో పోశాడు. సగమైంది. ఒక టీచరమ్మ కూతురు రాసింది, అమ్మ అన్నం మానేసిందని. రాష్ట్రాలు వేరు, భాషలు వేరు, అందరూ రాసేది మాత్రం ఒకే మాట. "మాకెవరూ చెప్పలేదు." చెప్పే ఉంటారు వదినా, నలభై పేజీల కాగితంలో ముప్పై ఏడో పేజీలో. అది చెప్పడమా?

నీ పూత బేరం సంగతి. అక్కడ నువ్వూ షావుకారూ ఒకే చెట్టు కింద నిలబడతారు. ఆయనకి కనిపించేది నీకూ కనిపిస్తుంది. ఫండులో అమ్మేవాడికి తెలిసినదాంట్లో కొనేవాడికి వీసమెత్తు తెలియదు. కళ్ళతో చూడని తోటకి నువ్వు పూత మీద డబ్బు కడతావా? కట్టవు. బావి చుట్టూ గోడ కడితే ఈత వచ్చినవాళ్ళకి అవమానమేం కాదు. రానివాళ్ళు పడకుండా ఉంటారు.

ఇప్పటికే ఉన్నవాళ్ళని ఏమీ చేయరు, ఉండనిస్తారు. కానీ ఊరికే అడిగే మనిషివి కాదు నువ్వు. పక్కింట్లో ఉప్పడిగినా దాని వెనక ఒక కథ ఉంటుంది. ఆ కథేంటో చెప్పు.

లేయా


చాట్రాయి,
జనవరి 12.

లేయాకి,

కొత్త సంవత్సరం వందనాలు. పూత ఈ ఏడు విరగబూసింది. తోటలోకి వెళ్తే తేనెటీగల రొద తప్ప ఇంకేం వినపడటం లేదు. మంచి ధర వస్తుందని మీ అన్నయ్య ఇప్పుడే బోరుకి కొత్త మోటారు బేరం చేస్తున్నాడు.

కథ అడిగావు కదా, విను. భయపడి దాచలేదు, నీ నోరు తెలిసి దాచాను.

అక్టోబరులోనే చేరాం. చేరాను అనడం లేదు, చేరాం. మన గుడి స్త్రీల మైత్రిలో ఎనిమిది మందిమి. నూజివీడు బస్టాండు దగ్గర ఫండులమ్మే ఆఫీసు పెట్టాడే, మన సంఘం కుర్రాడే, కిషోర్ బాబు, అతను కూడికకొచ్చి చెప్పాడు. పది లక్షలు లేనిదే చేర్చుకోరన్నాడు. ఒక్కొక్కరి దగ్గర పదెక్కడుంటాయి? "అందరం కలిపి ఒక పేరు మీద కడితే?" అని నేనే అన్నాను. మీ వాళ్ళు గోడ కట్టారు, మేం నిచ్చెన వేశాం. పేరు నాది. కార్యదర్శిని కదా, మైత్రి చందా పుస్తకం పన్నెండేళ్ళుగా నా దగ్గరే ఉంది. పైసా తేడా వచ్చిందని ఎవరినైనా అనమను చూద్దాం!

రిటైరైన తబితా టీచరుగారు నాలుగు లక్షలిచ్చారు. నేను రెండు. మన సవరమ్మ, బడిలో మధ్యాహ్న భోజనం వండుతుందే, ఆవిడ లక్షా ఇరవై వేలు తెచ్చి నా చేతిలో పెట్టింది. రేకులు తీసేసి స్లాబు వేయించుకోడానికి ఎనిమిదేళ్ళుగా దాచుకున్న డబ్బు. మూడేళ్ళాగితే పైన ఇంకో గది కూడా లేస్తుంది కదా అంది. మిగిలింది మిగతా ఐదుగురూ వేశారు.

మాకెవరూ చెప్పలేదని రేపు నీకు ఫిర్యాదు రాసే బాపతు కాదు మేము. కాగితం ఇంగ్లీషులో ఉంటే నేనూ అనుమానించేదాన్ని. శుభ్రంగా తెలుగులో అచ్చేశారు, నకలు ఇందులో పెట్టాను, నువ్వూ చూడు. కూడికలో పైకి చదివి వినిపించాను. "విమోచన: మూడు సంవత్సరముల అనంతరము" అని రాసుంది. ఆ మాట మనవాళ్ళకి ఒకరు విప్పి చెప్పాలా? కోతల పండక్కి పాస్టరుగారు సునాద సంవత్సరం గురించి చెప్పారు కూడాను, యాభయ్యో ఏట అమ్ముకున్న పొలం అమ్ముకున్నవాడికే తిరిగొస్తుందని, అదే విమోచన అని. ఇక్కడ యాభై అక్కర్లేదు, మూడేళ్ళే. మూడేళ్ళకి మా అసలు మాకొస్తుంది. పైన ఎంతొస్తే అంత. రిస్కంతా ఆ పైదాని మీదే.

ఇప్పుడు చెప్పు, మాకు ఈత రాదా?

మీ వదిన,
సుసన్నా


ముంబయి,
జనవరి 22.

వదినా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీదే చదివాను.

ఆ విమోచన మన గుడిలో వినే విమోచన కాదు. ఇంగ్లీషులో రిడెంప్షన్ అని ఉంటుంది. దాన్ని ఎవరో, బహుశా కంప్యూటరే, మక్కీకి మక్కీ తెలుగు చేసి పడేసింది. మా లెక్కలో దాని అర్థం ఇంతే. మూడేళ్ళయ్యాక ఫండులో నీ వాటాలు వాళ్ళు వెనక్కి తీసుకుని, ఆ రోజు ధర ఎంతుంటే అంత చేతిలో పెడతారు. పది కడితే పదిహేనూ రావచ్చు, మూడూ రావచ్చు. అసలు తిరిగిస్తామని వాళ్ళు ఎక్కడా మాటివ్వలేదు. నువ్వు పంపిన ఆ కాగితం నెంబరుతో వెతికాను, నిన్నటికి మీ పది లక్షలు ఎనిమిది లక్షల అరవై వేలు.

ఇంకొకటి. వాళ్ళ పుస్తకంలో నీ ఒక్కదాని పేరే ఉంది. మిగతా ఏడుగురూ వాళ్ళకి లేనట్టే. రేపు నీకేదైనా అయితే సవరమ్మ ఎవరినడుగుతుంది?

నీకు కోపమొస్తుందని తెలుసు. రానీ. వచ్చే బుధవారం కూడికలోనే వాళ్ళకి చెప్పు. దాచకు వదినా, నాకు చాలా భయంగా ఉంది.

లేయా


చాట్రాయి,
ఫిబ్రవరి 15.

లేయాకి,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నీతో మనసులో కూడా మాట్లాడలేదు. నాలుగో రోజు నూజివీడు వెళ్ళి కిషోర్ బాబుని పట్టుకున్నాను. "విమోచన అంటే ఏంట్రా అబ్బాయ్?" అన్నాను. "విమోచనంటే విమోచనే కదక్కా, స్తోత్రం" అన్నాడు. వాడికీ తెలియదు! పై ఆఫీసుకి ఫోను చేయించాను. నువ్వు రాసిందే వాళ్ళూ చెప్పారు. వాడు తెల్లమొహం వేశాడు. వాడి సొంత డబ్బు కూడా దాంట్లోనే ఉందట వెర్రినాగన్నకి.

బస్సులో తిరిగి వస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఎవరికి కరెంటు బిల్లొచ్చినా, బ్యాంకు కాగితమొచ్చినా "సుసన్నమ్మ చేత చదివించండి" అంటారు. ఆ మాట మీదే కదా వాళ్ళు డబ్బు తెచ్చింది.

బుధవారం పాటయ్యాక లేచి నిలబడి చెప్పేశాను. సవరమ్మే ముందు అడిగింది.

"అంటే పెట్టింది తగ్గొచ్చా?"

"తగ్గొచ్చు."

"ఎంత?"

"సగం. ఇంకా ఎక్కువే పోవచ్చు. పెరగనూ పెరగొచ్చు. ఎవరూ చెప్పలేరు."

"మరి అప్పుడు నువ్వు చదివావుగా, వచ్చేస్తయ్యని."

"తప్పు చదివానే."

"అయితే నాకొద్దమ్మా. ఇది పోతే పోనీ అనుకునే డబ్బు కాదు, నా నెత్తి మీద కప్పు. అప్పుడే ఇట్లా చెప్పుంటే అప్పుడే వద్దనేదాన్ని" అంది. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

తబితా టీచరుగారిది ఇంకో తంతు. నెల నెలా పింఛను, బ్యాంకులో ముప్పై లక్షలు, చింతలపూడి రోడ్డులో రెండు ఇళ్ళు. ఆవిడకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తలూపి, "ఏదేమైనా అసలైతే ఇస్తారులే, ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుందా?" అంది. వెళ్ళేముందు నా చెవిలో, "తగ్గినప్పుడే ఇంకో నాలుగు వేద్దామా?" అంది కూడాను.

ఇప్పుడు చెప్పవే ఆఫీసరమ్మా. నీ పాతిక లక్షల గోడ ఈవిడని సలాం కొట్టి లోపలికి పంపిస్తుంది. సవరమ్మని ఆపుతుంది. ఒక్క ముక్క తిన్నగా చెబితే తనంతట తనే ఆగిన మనిషిని ఆపడానికి అంత గోడ ఎందుకు?

మూడేళ్ళదాకా ఎవరికీ బయటికి దారి లేదు. అందుకని నేనే దారి చేశాను. పూత బేరం కుదిరింది. గోపాలకృష్ణగారిచ్చిన అడ్వాన్సులోంచి సవరమ్మ లక్షా ఇరవై వేలు ఆవిడ చేతిలో పెట్టి, ఆవిడ భాగం నా మీద వేసుకున్నాను. ఇంకెవరైనా పోతామంటే కోతలయ్యాక ఇస్తానని చెప్పాను. ఇద్దరు అడిగారు. మిగతావాళ్ళు తెలిసే ఉంటామన్నారు. ఎవరి వాటా ఎంతో కాగితం రాసి, పాస్టరుగారి చేత సాక్షి సంతకం పెట్టించి తలా ఒకటి ఇచ్చాను.

మీ అన్నయ్య మోటారు వచ్చే ఏటికి పోయింది. రెండు రోజులు అలిగాడు. మూడో రోజు సవరమ్మ ఇంటి దగ్గర ఇసుక దింపిస్తూ కనిపించాడు.

సుసన్నా


ముంబయి,
మార్చి 3.

వదినకి,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. సగం సంతోషంతో, సగం కోపంతో. కోపమెందుకో చెబుతాను.

మా ఇంట్లోవాళ్ళే అలాంటి ఫండులో, ఎనిమిది మంది డబ్బు ఒక పేరు మీద పెట్టారని తెలిశాక నేను నోరు మూసుకుని ఆ నోటు రాయకూడదు. జనవరిలోనే పై అధికారికి చెప్పేశాను. ఆవిడ మెచ్చుకుంది, మెచ్చుకుని ఫైలు నా దగ్గర్నుంచి తీసేసుకుంది. పదకొండు నెలలు రాశాను వదినా. నా ఉద్యోగంలో నాకంటూ చెప్పుకోదగ్గ పని అదొక్కటే. ఇప్పుడు వేరే అతను రాస్తున్నాడు. నీకు అప్పుడే రాస్తే సవరమ్మ సంగతి వదిలేసి నా గురించి దిగులు పెట్టుకుంటావని రాయలేదు.

ఆవిడ ఇంకో మాట కూడా అంది. "చూశావా, గోడ ఇంకా ఎత్తు ఉండాలని మీ వదినే రుజువు చేసింది" అని. పాతిక లక్షలైతే ఎనిమిది మంది బదులు ఇరవై మంది కలుస్తారు మేడమ్, అన్నాను. ఆవిడకి అది నచ్చలేదు. అనేశాక నాకే ఆశ్చర్యమేసింది, అది నీ గొంతు.

అయినా నేను పూర్తిగా నీ వైపు వచ్చేయలేదు. సవరమ్మ బయటపడింది ఎందుకు? తిన్నగా చెప్పడం వల్ల మాత్రమే కాదు, చెప్పినావిడ తన పూత డబ్బు తీసిచ్చింది కాబట్టి. ఊరికో సుసన్నా ఉంటుందా? నా బల్ల మీద ఫిర్యాదులన్నీ సుసన్నాలు లేని ఊళ్ళవే. దానికి నీ దగ్గర జవాబుంటే చెప్పు.

ప్రజల అభిప్రాయాలు ఈ నెలాఖరుదాకా తీసుకుంటారు. ఎవరైనా రాయచ్చు, తెలుగులోనూ రాయచ్చు. ఫారం జతచేస్తున్నాను. వచ్చినవన్నీ అందరూ చదివేలా బయట పెడతారు. "నా పేరు ప్రచురించవద్దు" అని కింద ఒక గడి ఉంటుంది, దాంట్లో టిక్కు పెట్టు. కార్యదర్శివి, పరువుగల మనిషివి. ఊళ్ళో నలుగురి నోళ్ళలో నానడం ఎందుకు?

లేయా


చాట్రాయి,
మార్చి 24.

నా బంగారు లేయాకి,

నీ పని పోగొట్టాను. క్షమించు. ఈ ముక్క నా నోట రావడం ఎంత కష్టమో మీ అన్నయ్యనడిగితే చెబుతాడు, ఆయన పెళ్ళయినప్పటినుంచి ఎదురుచూస్తున్నాడు.

నువ్వడిగినదానికి జవాబు కోసం పది రోజులు తోటలో తిరిగాను. పిందె బాగానే నిలిచింది. జవాబే దొరకలేదు. సరే, ఫారం నింపుతుంటే అదే తడుతుందిలే అని మొన్న బుధవారం కూడికయ్యాక మా వసారాలో కూర్చున్నాం. నేను రాస్తున్నాను, సవరమ్మ పక్కన కూర్చుని పచ్చడికి కాయలు తుడుస్తోంది. ఆవిడ ఇంటికి స్లాబు పడింది, ఇంకా నీళ్ళు కడుతున్నారు.

మొదటి ప్రశ్నే "మీరు ఎవరు?" అని. మూడు గడులున్నాయి. మదుపరి, మధ్యవర్తి, ఇతరులు. ఇందులో ఆలోచించేదేముంది, డబ్బు పెట్టినదాన్ని కదా, మదుపరి అని టిక్కు పెట్టబోయాను.

"మధ్యవర్తంటే ఎవరు?" అంది సవరమ్మ.

"ఒకళ్ళ సరుకు ఇంకొకళ్ళకి చెప్పి కొనిపించేవాళ్ళు" అన్నాను.

"అయితే నువ్వేగా."

ఎత్తిపొడుపేం లేదు. కాయ తుడుస్తూనే అంది. నేను పెన్ను కింద పెట్టేశాను. ఇన్నాళ్ళూ కిషోర్ బాబు మధ్యవర్తి అనుకుంటున్నాను, ఆ కాగితం తెలుగు చేసిన కంప్యూటరు మధ్యవర్తి అనుకుంటున్నాను. సవరమ్మ వాళ్ళిద్దరి మొహం చూసి డబ్బివ్వలేదు. నా మొహం చూసి ఇచ్చింది.

ఊరికో సుసన్నా ఉంటుందా అని అడిగావు. ఉంటుంది లేయా. డబ్బు తిరిగిచ్చే సుసన్నా ఉంటుందో లేదో గాని, చదివి చెప్పి కొనిపించే సుసన్నా మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. నీ బల్ల మీద ఫిర్యాదులు మళ్ళీ తీసి చూడు. ఆ లైన్‌మన్‌కి, ఆ టీచరమ్మకి ఎవరో అయినవాళ్ళే చెప్పుంటారు.

ఆ గడిలో టిక్కు పెట్టలేదు. నా పేరు వేసుకోమను. తబితా టీచరుగారు వద్దంది, పరువు పోతుందంది. పోనీ. రాసింది నీకూ ఒక ప్రతి పంపుతున్నాను. తప్పులుంటే దిద్దకు, అలాగే వెళ్ళింది.

"అయ్యలకు, అమ్మలకు నమస్కారం.

ఎవరి దగ్గర ఎంతుందో చూసి మమ్మల్ని రానివ్వడం, ఆపడం మానండి. మా ఎనిమిది మందిలో అందరికంటే ఎక్కువున్నావిడకి అందరికంటే తక్కువ అర్థమైంది. మీరు గోడ పెంచితే మేము మనుషుల్ని పెంచుకుంటాం.

రూలు కొనిపించేవాళ్ళ మీద పెట్టండి. ఈ డబ్బు మొత్తం పోవచ్చు అనే మాట, కొనేవాళ్ళ భాషలో, వాళ్ళ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. విన్నవాళ్ళు అదే సంగతి సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే వాళ్ళ డబ్బు ముట్టుకోకూడదు, వాళ్ళ దగ్గర పది వేలున్నా, పది కోట్లున్నా సరే.

కమీషను తీసుకునేవాళ్ళతో ఆపకండి. నేను పైసా తీసుకోలేదు. నా మనసులో మంచి తప్ప ఏమీ లేదు. అర్థం కాని మాటని అర్థమైనట్టు చదివి, ఏడుగురి చేత డబ్బు పెట్టించాను. బడిలో వంట చేసే ఒకావిడ ఇంటి కప్పు నా మాట మీద పోబోయింది.

మీరు ఆ రూలు రాస్తే దాని కింద మొదట తప్పు పట్టాల్సింది నన్ను. మొహమాటపడకుండా రాయండి.

సుసన్నా,
మధ్యవర్తి,
చాట్రాయి."